దొంగ వత్తులు

ప్రెస్సు మేడ మీద గది
'గ' నడుస్తోంది

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. ముందు నీ తప్పులు. "కిటికి" కాదు, కిటికీ. "విశ్రాంతి"లో శ కింద రావత్తు మింగేశావు. "మేస్త్రి గారు కోపడ్డారు" అన్నావు, కోప్పడ్డారు అనాలి. ఆయన నీ మీద కోప్పడితే నాకు బాధే గానీ, ప కింద వత్తు లేకుండా కోప్పడితే ఇంకా బాధ.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే "సరే" తప్ప ఇంకో ముక్క రాయవు. అందుకే మన ఇద్దరికీ ఈ కాగితాలు మిగిలాయి. ఉత్తరాల్లో నువ్వు వాగుతావని నీ తలుపుల వర్క్‌షాపులో ఎవరికైనా చెప్తే నమ్మరు.

మా నిఘంటువు గ లోకి వచ్చింది. ఆపరేటర్ అమ్మాయి కంప్యూటర్లో కొడుతుంది, నేను ప్రూఫులు చూస్తాను. మేనేజరు రోజూ పొద్దున్నే వచ్చి "ఎంతవరకు వచ్చింది" అంటాడు. గ లోనే ఉన్నామని చెప్తే, మేం గ ని కావాలని సాగదీస్తున్నట్టు చూస్తాడు.

ఒక వింత చెప్తాను, నవ్వు. ఈ మధ్య నాకు అక్షరాల కింద అక్షరాలు కనబడుతున్నాయి. పైన అచ్చు ముదురుగా ఉంటే, దాని కిందే అదే అక్షరం పలచగా, నీడలాగా. క, త, న, మ, య, ర, ల లతో ఇబ్బంది లేదు. వాటి వత్తులకు తల్లి పోలిక రాలేదు కదా, నీడ పడినా ఇది వత్తు కాదని పట్టేస్తాను. గ, చ, ట, డ, ద, ప లు ఉన్నాయే, వాటితోనే చిక్కు. వాటి వత్తులు తల్లి కడుపులోంచి ఊడిపడ్డట్టు ఉంటాయి. నీడ పడితే చాలు, వత్తు అయి కూర్చుంటుంది. వాటికి దొంగ వత్తులని పేరు పెట్టాను.

నిన్న "కలిమి"లో మ మీద గుడి పడలేదు. ప్రూఫు పక్కన "గుడి లేదు" అని రాసి, తిరిగి చూసుకుంటే "గుడ్డి లేదు" అని ఉంది. నా చేతిరాతే. ఆపరేటర్‌కి చూపిస్తే ఆమెకు నేను రాసింది "గుడి లేదు" అనే కనబడింది.

అద్దాలు మార్చి ఎంతోకాలం కాలేదు, మళ్ళీ మార్చాలి కాబోలు. కళ్ళు ఒకటే దురద. వదినను అడిగానని చెప్పు.

బుడ్డి


వర్క్‌షాపు
భోజనాల వేళ

బుడ్డీ,

నీ దిద్దుబాట్లు మీ వదినకు చూపించాను. "పెళ్ళికి ముందు ఈవిడ చేత నిన్ను కూడా ఒకసారి దిద్దించాల్సింది" అంది. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను, ఇంకా ఏమైనా అందేమో తెలియదు.

నీ దొంగ వత్తుల సంగతికి మాత్రం నవ్వు రాలేదు. అద్దాల షాపుకు వెళ్ళకు, కంటి డాక్టరుకు చూపించు. షాపువాడు ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు అద్దం మారుస్తాడు, అది అతని పని. కన్ను చూడటం అతని పని కాదు.

కళ్ళు నలపకు. చిన్నప్పుడు నిద్రలో కూడా నలిపేదానివి, అమ్మ నీ చేతులకు నా మేజోళ్ళు తొడిగేది. నాకు మేజోళ్ళు లేక బూట్లు కరిచేవి. ఆ కోపం ఇంకా ఉంది.

ఇక్కడ కొత్త ఆసుపత్రికి తలుపులు ఆర్డరు వచ్చింది. టేకు కాదు, ప్లైవుడ్డే. తడి తగిలితే మధ్యలో ఉబ్బి ఊరూకుంటుంది. ఆ మాట చెప్పినా వాళ్ళు వినలేదు.

అన్నయ్య


ప్రెస్సు మేడ మీద గది
'చ' అయిపోవచ్చింది

అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే డాక్టరు దగ్గరకు వెళ్ళాను. తప్పులు: "ఊరుకుంటుంది"లో రు కి కొమ్ముదీర్ఘం ఇచ్చావు, అక్కర్లేదు. మిగతాదంతా బాగుంది.

ముందు గోడ మీది అక్షరాల పట్టీ చదివించారు. నా ముందు కూర్చున్నామె చదువుతుంటే కింది వరుస చెవిన పడింది, అదే అప్పజెప్పాను. డాక్టరమ్మ నా మొహం చూసి, పట్టీ మార్చి మళ్ళీ చదవమంది. రెండో వరుసతో ఆగిపోయాను.

తరువాత ఒక యంత్రంలో గడ్డం పెట్టించి కంటి బొమ్మ తీశారు. దేశపటంలా రంగులు ఉన్నాయి. కుడి కంటి మధ్యలో ఎర్రగా ఉంది. జబ్బు పేరు కెరటోకోనస్. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కార్నియా, అది పలచబడుతూ ముందుకు పొడుచుకొస్తోందట. నీ ప్లైవుడ్డు గుర్తొచ్చింది. కుడివైపు ఎక్కువ, ఎడమవైపు ఇప్పుడే మొదలు. కళ్ళు నలిపే అలవాటు ఉందా అని అడిగింది. నీ మేజోళ్ళ గురించి చెప్పాను, నవ్వింది.

చికిత్స ఉంది. చుక్కల మందు వేసి, ఒక రకం వెలుగు చూపించి ఆ పొరను గట్టిపరుస్తారట. పోయిన చూపు రాదు, ఉన్నది ఆగుతుంది. పొర మరీ పలచబడితే అది కూడా చేయలేరట, అందుకని ఆలస్యం చేయొద్దు అంది. చేయించుకుంటే కొన్ని వారాలు చదవడం కుదరదు.

ఆమె చెబుతుంటే పక్క కుర్చీలో ఎవరి గురించో చెబుతున్నట్టు విన్నాను. భయం వేయలేదు. వేయాలి కదా అని కూడా అనుకున్నాను.

చ తరువాత జ, ట, డ చిన్నవి. త, ద, న కొంచెం పెద్దవి. ప ఒక్కటే మహాసముద్రం. ప దాటగానే వెళ్తాను. మధ్యలో వదిలేస్తే మేనేజరు ఇంకొకరిని కూర్చోబెడతాడు, వాళ్ళు సున్నాలు కూడా సరిగ్గా చూడరు.

బుడ్డి


వర్క్‌షాపు
పని మధ్యలో

బుడ్డీ,

కోపంగా ఉన్నాను, తప్పులు ఉంటే ఉంటాయి.

పలకను చిత్రిక పడుతూ పోతే ఒక చోట వెలుతురు తెలుస్తుంది. అప్పటికే ఎక్కువ పట్టేశామని అర్థం. ఇక దానికి ఏ జిగురు పూసినా, వెనక ఏ బద్ద కొట్టినా నిలవదు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ వెలుతురే కనబడుతోంది.

పలచబడితే చేయలేమని డాక్టరమ్మ చెప్పింది. నువ్వే రాశావు. రాసి, కింద ప దాటాక వెళ్తానని కూడా రాశావు. రెండు వాక్యాలూ నీ చేతివే. పక్కపక్కన పెట్టి ఒకసారి ప్రూఫు చూసుకో.

నిఘంటువు కొన్నాళ్ళు ఆగితే ఎవరికీ ఏమీ కాదు. ఎప్పుడు వెళ్తున్నావో రాయి. నీ ఉత్తరాలు రాకపోతే నాకు మాట్లాడేవాళ్ళు లేరని నీకు తెలుసు కదా. నేను అడిగేది నీ కోసమే కాదు.

అన్నయ్య


ప్రెస్సు మేడ మీద గది
'ద'

అన్నయ్యకు,

మళ్ళీ వెళ్ళాను. ఏమీ పెరగలేదు అన్నారు. తొందర లేదట.

వానలు పడుతున్నాయి. ప్రూఫు కాగితాలు మెత్తబడి సిరా పాకిపోతోంది. ఆపరేటర్‌కి జలుబు. టీ గ్లాసులు కడిగే మనిషి మానేశాడు, ఎవరి గ్లాసు వాళ్ళే కడుక్కుంటున్నాం.

వదిన ఎలా ఉంది?

బుడ్డి


ఇంటి నుంచి

బుడ్డీ,

తొందర లేదన్నారంటే సంతోషం.

ఆసుపత్రి తలుప్పులు అయిపోవచ్చాయి. గడ్డియలు ఇత్తడివి తెమ్మన్నాను, ఇనుపవి తెచ్చారు. మీ వదిన నిన్ను అడ్డిగింది. ఆమెకు మోకాలి నొప్పి, అంతకుమించి ఏమీ లేదు. ఇక్కడా వానే.

అన్నయ్య


ప్రెస్సు మేడ మీద గది
'ప', సగం

అన్నయ్యకు,

ఈసారి నీ ఉత్తరంలో ఒక్క తప్పు కూడా లేదు. పెద్దవాడివయ్యావు. దాచుకున్నాను.

ప నిజంగానే సముద్రం. ఎంత చదివినా ఒడ్డు రాదు. పొద్దున్నే దీపం వేసుకుని కూర్చుంటున్నాను, దీపం చుట్టూ తోకలు కనబడుతున్నాయి. వదిన మోకాలికి వేడి కాపడం పెట్టమను.

బుడ్డి


వర్క్‌షాపు
అందరూ వెళ్ళిపోయాక

బుడ్డీ,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాను.

తలుప్పులు. గడ్డియలు. అడ్డిగింది. మూడూ కావాలని రాశాను. నిన్ను మోసం చేసేవి ప, డ అని నువ్వే చెప్పావు, అందుకే వాటి కిందే పెట్టాను. ఎక్కడ వత్తు కనబడినా అది నీడే అనుకుని దాటిపోతున్నావని అర్థమైంది. కామా పక్కకు జరిగితే కూడా పట్టుకునేదానివి, తలుపు కింద అంత పెద్ద ప ని వదిలేశావు.

నువ్వు మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. వెళ్ళావా? వెళ్ళానని మాత్రం ఇంకోసారి రాయకు.

అన్నయ్య


ప్రెస్సు మేడ మీద గది
'వ'

అన్నయ్యకు,

వెళ్ళలేదు. అప్పుడు అబద్ధం రాశాను. నీ ఉత్తరం వచ్చాక వెళ్ళాను, అది నిజం.

ముందు ప్రెస్సు సంగతి చెప్తాను, అది చెప్పడం తేలిక. నిఘంటువులో పుట ఉంది, దాని కింద పుట్ట ఉంది. ఆపరేటర్ తొందరలో రెండు చోట్లా పుట్ట అని కొట్టింది. నాకు ఆ పైదాని కింద వత్తు కనబడింది. దొంగదే అనుకున్నాను, వదిలేశాను. ఆ పేజీలున్న పెద్ద కాగితం, ఫారం, అచ్చయిపోయింది. మేనేజరు తీసుకొచ్చి నా బల్ల మీద పరిచాడు. మా నిఘంటువులో ఇప్పుడు పుట్టలు రెండు ఉన్నాయి, పుట ఒక్కటీ లేదు. "ఇంత పుస్తకం వేసి పుట లేదంటే జనం నవ్వుతారమ్మా" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. శ నుంచి వేరే ఆయన చూస్తాడట. నన్ను కింద బైండింగులో ఫారాలు మడతపెట్టమన్నారు. మడతకు చూపు అక్కర్లేదు, వేళ్ళకు అంచు తెలుస్తుంది.

ఇక డాక్టరమ్మ. బొమ్మ తీసింది. పాత బొమ్మను పక్కన పెట్టింది. ఎరుపు ఎంత పెరిగిందో నాలాంటి దానికి కూడా కనబడింది. కుడి కంటి పొర ఆ చికిత్సకు పనికిరానంత పలచబడిందట. మొదటిసారి వచ్చినప్పుడు చేసి ఉంటే అక్కడ ఆగేది అంది. తిట్టినట్టు అనలేదు, రేపు వాన అన్నట్టు అంది. ఇప్పుడు గట్టి లెన్సు పెట్టి చూడాలి, నిలవకపోతే ఎవరైనా ఇచ్చిన కార్నియా వచ్చేదాకా ఎదురుచూసి మార్చాలి. ఎడమ కంటికి ఇంకా వీలుంది. కానీ అదీ కదులుతోంది. ఈసారి ఆగితే దాని గతీ ఇదే అని స్పష్టంగా చెప్పి, వచ్చే వారానికి తేదీ ఇచ్చింది.

ఎందుకు వెళ్ళలేదని అడుగుతావు. మళ్ళీ బొమ్మ తీస్తే ఏం కనబడుతుందో నాకు తెలుసు. తెలిశాక ప్రూఫులు నా చేతిలో ఉండవనీ తెలుసు. అందుకని తెలియనట్టు కూర్చున్నాను. ఇప్పుడు ఏడవాలి, రావడం లేదు. నా మీద నాకు కోపం రావాలి, అదీ రావడం లేదు. ఫారం తీస్తాను, మడుస్తాను, పెడతాను.

తేదీ కాగితం గోడకు గుచ్చాను. వెళ్ళాలనే ఉంది. కానీ లేవబుద్ధి కావడం లేదు అన్నయ్యా. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బుడ్డి


ఇంటి నుంచి
చెప్పులు వేసుకుంటూ

బుడ్డీ,

ఈ ఉత్తరం, నేను, ఎవరు ముందు చేరతామో తెలియదు. బయలుదేరుతున్నాను.

నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. కూర్చున్న చోటే కూర్చో, నేను వచ్చి లేపుతాను. డాక్టరమ్మ మాటలు నువ్వు విని, నా వైపు తిరిగి పెదాలు కదుపు. కాగితాలు నేను చదువుతాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి సరిగ్గా అవుతాడు.

అన్నయ్య


ప్రెస్సు మేడ మీద గది
'శ' ఎవరో చూస్తున్నారు

అన్నయ్యకు,

ఇది ఆపరేటర్ చేతిరాత. ఎడమ కంటికి ఇంకా మసకే, నేను చెప్తుంటే ఆమె రాస్తోంది. (నేను ఆపరేటర్‌ని. మీ చెల్లెలు కన్ను మూసుకుని కూడా నా తప్పులు పట్టుకుంటోంది.)

నువ్వు క్షేమంగా చేరావని వదిన మెసేజ్ పెట్టింది. నువ్వు పెట్టిన మెసేజ్ "సరే".

ఆసుపత్రి హాల్లో నువ్వు ఆ ఒప్పుకోలు కాగితం చదివిన సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను. నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు. "చికిత్స తరువాత నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం ఉండవచ్చును" అని నువ్వు చదువుతుంటే, మూలన కునుకు తీస్తున్న పెద్దాయన లేచి తన పేరు పిలిచారనుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆపుదామని నీ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు నాకు భయం వేసిందనుకుని ఇంకా గట్టిగా చదివావు.

లోపల కంటికి మొద్దుబార్చే చుక్కలు వేశారు. పై పొర గీకుతుంటే ఎవరో తలుపు అవతల చెక్క గీస్తున్నట్టు ఉంది. పసుపు రంగు చుక్కలు, తరువాత నీలం వెలుగు. ఏమీ తెలియలేదు. కొన్ని నెలలుగా నేను ఉన్నది ఇలాగే కదా అనిపించింది.

నువ్వు బస్సెక్కాక మందు దిగింది. అప్పుడు నొప్పి వచ్చింది. కంట్లో ఇసుక పోసి నలిపినట్టు. ఏడ్చాను. మొదట ఎడమ కంటి కోసం ఏడ్చాను, తరువాత కుడి కంటి కోసం, ఆ తరువాత పుట కోసం కూడా. ఆపరేటర్ పక్కనే కూర్చుంది. ఈ మాట ఆమె చేతే రాయించాల్సి రావడం సిగ్గుగా ఉంది. (పర్వాలేదు.) మర్నాటికి నొప్పి తగ్గింది, మళ్ళీ ముందులాగే అయిపోయాను. కానీ ఒకరోజు ఏదో తెలిసింది.

కొన్నాళ్ళు నువ్వు ఉత్తరం రాయకు. నేను చదవలేను. ఇంకొకరు చదివి వినిపిస్తే అది నీ ఉత్తరంలా ఉండదు. మళ్ళీ చదవగలనో లేదో డాక్టరమ్మ ఇప్పుడే చెప్పలేనంది. ఎడమది ఆగాలి, అంతే.

బుడ్డి


ఇంటి నుంచి
ఆదివారం

బుడీ,

లావుగా రాశాను. దూరం దూరంగా రాశాను. కాగితాలు చాలా పోయాయి, మీ వదిన కసిరింది.

ఇది ఏరి ఏరి రాసిన లేఖ. ఇందులో ఏ మాట కిందా ఏదీ లేదు. నీకు ఏదైనా కనబడితే అది నీ కంటి నీడ, నా రాత కాదు. అనుమానం పడకు, చదువుకుంటూ పో.

కింద ఏదీ వేలాడని మాటలు మన భాషలో ఇంత అరుదని నాకు తెలియదు. ఈ నాలుగు మాటలు ఏరడానికి వారం గడిచింది. నేను పిలిచే నీ పేరు కూడా పనికిరాలేదు. అందుకని దాని కింద ఉండవలసినది రాయకుండా వదిలేశాను. అది నీ కంటికే వదిలాను.

ఇంటి తలుపుకి రంగు వేశాను. గడియ బిగించాను. ఈసారి తలుపు తలుపే, గడియ గడియే.

నాకు భయంగానే ఉంది, బుడీ. మీ వదిన పెదాలు కదుపుతుంది, అవి ఇంటి పనుల మాటలు. ఊరికే మాటలాడేది నువు ఒకతివే. నాకు వినబడదు, నీకు సరిగా కనబడదు. అయినా ఏదో ఒకలా మాటలాడుకుందాం.

ఎడమ కంటిని నలపకు. కుడి కంటిని కూడా నలపకు.

కింద నా పేరు రాయడం లేదు. ఎవరు రాశారో నీకు తెలుసు.


ప్రెస్సు మేడ మీద గది
'హ' అయిపోయింది

అన్నయ్యకు,

ఇది నా చేతిరాతే. వరుసలు పైకీ కిందకీ పోయి ఉంటాయి, ఊరుకో.

ముందు నీ తప్పులు. "నువు" కాదు, నువ్వు. "ఒకతివే" కాదు, ఒక్కదానివే. వ, క ల కింద కావాలనే ఎగ్గొట్టావని తెలుసు, అయినా తప్పు తప్పే. నీ పేరు ఎందుకు రాయలేదో కూడా తెలుసు. న, య ల వత్తులకు తల్లి పోలిక లేదు కదా, నా కన్ను ఎంత దొంగదైనా వాటిని వేయలేదు.

నిఘంటువు అయిపోయింది. చివర అతికించిన చీటీలో "పుట్ట అని ఉన్న మొదటి చోట పుట అని చదువుకోవాలి" అని వేశారు. ఆ చీటీలు నేనే అంటిస్తున్నాను. పేజీ అడుగున జిగురు రాసి, వేలితో నొక్కుతాను. ప్రూఫుల బల్ల దగ్గర ఇంకొకాయన కూర్చుంటున్నాడు. మంచివాడే. నా కుర్చీ ఆయనకు ఎత్తు చాలక ఒక పాత అచ్చు ప్రతిని కింద వేసుకున్నాడు. చూసి ఏమీ అనిపించలేదు.

ఎడమ కంటికి బొమ్మ తీశారు. ఆగింది. కుడి కన్ను మీద గట్టి లెన్సు నిలవడం లేదు, జారిపోతోంది. కార్నియా మార్చడానికి నా పేరు రాసుకున్నారు. ఎప్పుడో తెలియదు. మార్చాక ఆ నీడ పోతుందట. పోతే మంచిదే అని డాక్టరమ్మతో అన్నాను.

నీ ఉత్తరాన్ని కిటికీ దగ్గర నిలబడి ఎడమ కంటితో చదివాను, మొదటి నుంచి చివరి దాకా, ఎవరి సాయం లేకుండా. ఆ కంటికి ఏ మాట కిందా ఏదీ కనబడలేదు. పైన "బుడీ" అని ఉంది. ఎవరో నా పేరు తెలియనివాళ్ళు పిలిచినట్టు ఉంది.

అందుకని ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, కాగితం ముక్కు దగ్గరకు తెచ్చుకుని, కుడి కంటితో చూశాను. మసక మసకగా ఉంది. తోకలు, చీలికలు. కాస్త ఆగితే కుదురుకుంది.

డ కింద వత్తు ఉంది.

బుడ్డి